తెల్లకోటు ఎల్డన్ పర్విస్

ఎల్డన్ పర్విస్‌కు ఇరవై తొమ్మిదో ఏట టైఫాయిడ్ వచ్చింది. ఆరు వారాల తర్వాత మంచం దిగి అద్దంలో చూసుకుంటే తల ముగ్గుబుట్ట అయిపోయి ఉంది. మొహం మాత్రం కుర్రమొహమే. ఆ మొహం మీద ఆ జుట్టు ఎవరో వచ్చి పెట్టి పోయినట్టుంది.

అప్పటికి అతను లాస్ ఏంజెలెస్ వచ్చి రెండేళ్లు. అయోవాలో వాళ్ల నాన్న మంగలి. పద్దెనిమిదో ఏట ఊరికొచ్చిన గుడారపు నాటకాల కంపెనీతో వెళ్లిపోయి, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఊళ్లన్నీ తొమ్మిదేళ్లు తిరిగాడు. నాటకం సగంలో ఉండగా వాన పడేది. గుడారం మీద ఆ చప్పుడును దాటి చివరి బల్ల దాకా వినపడాలని గొంతు లోపల్నుంచి తీసి తీసి, చివరికది లోతుగా, నింపాదిగా, విన్నవాళ్లు తల తిప్పి చూసేలా తయారైంది. కరువు రోజుల్లో జనం నాటకాలు మానేశారు. కంపెనీ మూతపడింది. మిగతా వాళ్లలాగే అతనూ సినిమాల ఊరు చేరాడు. రెండేళ్లలో దొరికినవన్నీ గుంపులో నిలబడే వేషాలు. పెళ్లి విందులో ఒకడు, రైల్వే స్టేషన్లో ఒకడు, ఓడ మునుగుతుంటే పరిగెత్తే వాళ్లలో ఒకడు.

జ్వరం తగ్గాక మొదటిసారి స్టూడియో గేటు దగ్గరికి వెళ్తే, చిన్న వేషాలు పంచే గస్ ట్రిబుల్ అతన్ని చూసి పెన్సిలు కింద పెట్టాడు. గస్ లావుపాటి మనిషి. కుర్చీలోంచి లేవడం ఇష్టం ఉండదు. ఆ రోజు లేచాడు.

"ఏమైందయ్యా నీకు, దయ్యం గానీ కనపడిందా?"

"జ్వరం వచ్చింది."

"మంచి పని చేసింది. రంగు గింగు వెయ్యకు, అలాగే ఉండనీ. ఏదీ, గట్టిగా ఏదైనా చదువు."

చదవడానికి ఏమీ లేదు. గోడ మీద నిప్పంటుకుంటే ఏం చేయాలో రాసిన కాగితం ఉంటే అది చదివాడు. తొక్కిసలాట లేకుండా ఎడమ తలుపు గుండా బయటికి వెళ్లవలెను అన్నంత వరకు వచ్చేసరికి వరుసలో ఉన్న వాళ్లంతా మాటలాపి వింటున్నారు.

"చాల్లే. నాకు నడుం నొప్పి సగం తగ్గింది," అన్నాడు గస్. "లోపలికెళ్లి తెల్లకోటు ఒకటి అడుగు. ఇవాల్టి నుంచి నువ్వు డాక్టరువి."

దుస్తుల గదిలో కోటు సరిచేసిన అమ్మాయి పేరు ఇనెజ్ బాకా. న్యూ మెక్సికోలో సొకోరో వాళ్లు. గుండుసూదులన్నీ పెదాల మధ్య పెట్టుకుని, వాటి సందుల్లోంచే మాట్లాడేది.

"చేతులు చాపండి డాక్టరుగారూ. మీసాలు కూడా రాని డాక్టరు. నా జబ్బు ఏంటో చెప్పగలరా?"

"పని ఎక్కువైంది."

"అది మీరు చెప్పాలా, మా అమ్మ కూడా చెప్తుంది. జేబులో చేతులు పెట్టుకోకండి. మా ఊరి డాక్టరు ఎప్పుడూ పెట్టుకోడు. ఆ చేతుల్ని చూసే జనం ఆయన్ని నమ్ముతారు."

ఆ మాట అతను మరిచిపోలేదు. ఆ రోజు సినిమాలో అతనికి ఇచ్చింది ఒకే ఒక్క మాట. తలుపు తెరుచుకుని బయటికొచ్చి, ముసలి తల్లితో, "చేయవలసిందంతా చేశాం. కష్టపడకుండానే వెళ్లిపోయాడు" అనాలి. అతను తలుపు దగ్గర ఆగి, ముందు ఆ తల్లి చేతుల వంక చూసి, ఆ తర్వాత మొహం వంక చూసి, లోపల మూడు లెక్కపెట్టి చెప్పాడు. దీపాలు పట్టుకున్న వాళ్లలో ఒకడు ముక్కు తుడుచుకున్నాడు. రెండోసారి తీయాల్సిన పని లేకపోయింది.

ఇక అక్కడి నుంచి అదే వేషం. సినిమా చివరి మూడో వంతులో, నాయిక అన్నో నాయకుడి తల్లో ప్రాణం మీదికి వచ్చినప్పుడు తలుపు తెరుచుకునేది, ఎల్డన్ వచ్చేవాడు. పేర్ల పట్టికలో కింది నుంచి రెండో వరుస, ఒక్కోసారి అదీ ఉండదు. జనానికి మొహం తెలుసు, పేరు తెలియదు. స్టూడియో భోజనాల హాల్లో అతను పళ్లెం పట్టుకుని వచ్చి కూర్చుంటే, ఎదుటి బల్ల వాళ్లు తలెత్తి, "మా అమ్మకి కులాసాగానే ఉందండీ, మీరు అటు కూర్చోండి," అనేవాళ్లు. అందరూ నవ్వేవాళ్లు, అతనూ నవ్వేవాడు. నిజంగా పక్కకి వచ్చి కూర్చునే వాళ్లు మాత్రం తక్కువ.

ఇనెజ్ కూర్చునేది. ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెల్లో పచ్చిమిరపకాయ పచ్చడి ఉండేది. అయోవా మనిషి ఒక ముక్క తిని కళ్లనీళ్లు పెట్టుకుంటే, "ఇదొక్కటే మీరు నటించకుండా ఏడవడం," అని ఏడిపించేది. పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో పెళ్లి చేసుకున్నారు. మిసెస్ క్విగ్లీ అనే ఐరిష్ విధవరాలికి ఒక వాకిలి చుట్టూ ఎనిమిది చిన్న చిన్న ఇళ్లు ఉండేవి. అందులో ఆరో నంబరు ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇనెజ్ గుమ్మం పక్కన కాఫీ డబ్బాల్లో మిరప మొక్కలు వేసింది.

యుద్ధం వచ్చింది. ఎల్డన్ గుండెలో ఏదో చప్పుడుందని సైన్యం వద్దంది. సినిమాల్లో మాత్రం అతనికి సైన్యం కోటు తొడిగారు. అదే పని, గుడారంలో, లాంతరు వెలుగులో. ఆ ఏళ్లలో నెలకు ఇద్దరు ముగ్గురి చావు కబుర్లు చెప్పాడు. మాటలు కొంచెం మారేవి, పద్ధతి మారేది కాదు. చేతుల వంక చూడటం, మూడు లెక్కపెట్టడం, మంచం కడ్డీ మీదో తలుపు మీదో చెయ్యి వెయ్యడం. పని చక్కగా చేస్తున్నానన్న తృప్తి అతనికి ఉండేది. అతని పనితనం గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. ఇనెజ్‌కు తెలుసు. కెమెరా వెనక సూదీదారం పట్టుకుని నిలబడి చూసేది.

నలభై మూడు మార్చిలో ఇనెజ్‌కు నెల తక్కువ కాన్పు అయింది. మగపిల్లాడు. నలభై నిమిషాలు బతికాడు.

అప్పుడు మధ్యాహ్నం రెండయింది. ఆసుపత్రి వరండాలో ఎండ బల్లల మీదికి వచ్చింది. లోపల్నుంచి వచ్చిన డాక్టరు పొట్టి మనిషి, బట్టతల, మూడు రోజులుగా నిద్ర లేని కళ్లు. కుర్ర డాక్టర్లంతా యుద్ధానికి వెళ్లిపోతే ఉన్నవాళ్ల మీదే అంతా పడింది. ఆయన ఎల్డన్ పక్కన కూర్చున్నాడు. తన బూట్ల వంక చూశాడు.

"పిల్లాడు పోయాడండీ," అన్నాడు. "ఊపిరితిత్తులు ఇంకా... నేను, అది... పోయాడు. ఆవిడకింకా తెలీదు. నన్ను చెప్పమంటారా, మీరు చెప్తారా?"

"నేనే చెప్తాను," అన్నాడు ఎల్డన్.

తలుపు తెరుచుకుని లోపలికి వెళ్లాడు. ఇనెజ్ దిండ్ల మీద ఆనుకుని ఉంది. చేతులు దుప్పటి మీద ఉన్నాయి. అతను ఆ చేతుల వంక చూశాడు. తర్వాత మొహం వంక చూశాడు. మంచం కడ్డీ మీద చెయ్యి వేశాడు. లోపల దుఃఖం లేక కాదు. కానీ నోరు తెరిచేసరికి, ఏడేళ్లుగా అలవాటైన దారినే మాట బయటికొచ్చింది. లోతుగా, నింపాదిగా, ప్రతి అక్షరం వినపడేలా వచ్చింది.

"చేయవలసిందంతా చేశారు ఇనెజ్. కష్టపడకుండానే వెళ్లిపోయాడు."

అన్నాక అతనికే వినపడింది.

ఇనెజ్ అతని వంక చూసింది. ఏడవలేదు. ఇలా అంది:

"ఆ మాట నేను విన్నాను ఎల్డన్. ఆ రోజు కోటు గుండీ ఊడితే కుట్టింది నేనే."

మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఆమె పది రోజులు ఆసుపత్రిలోనే ఉండాలన్నారు. పిల్లాణ్ణి ఊరికి తూర్పున ఉన్న శ్మశానంలో ఎల్డన్ ఒక్కడే దగ్గరుండి పాతిపెట్టించాడు. చెప్పుల పెట్టెకన్నా కొంచెం పెద్ద పెట్టె. నంబరు వేసిన రేకు ముక్క ఒకటి నేలలో గుచ్చారు. నాలుగో రోజున షూటింగుకు రమ్మన్నారు. వెళ్లాడు.

ఆ తర్వాత రెండేళ్లు ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉన్నారు. ఇనెజ్ దెప్పలేదు, అరవలేదు. వంట చేసేది, మిరప మొక్కలకు నీళ్లు పోసేది, అడిగితే జవాబు చెప్పేది. దుస్తుల గదిలో పని మానేసి విమానాల ఫ్యాక్టరీకి వెళ్లింది. అతను ఏదైనా ఊరడించే మాట మొదలుపెడితే, తల ఒక పక్కకు వంచి శ్రద్ధగా వినేది. రేడియో వినే వాళ్లలా వినేది. అతని మాట మధ్యలో ఆగిపోయేది.

నలభై అయిదు నవంబరులో ఒక ఆదివారం పొద్దున, కాఫీ తాగుతూ చెప్పింది.

"సొకోరో వెళ్లిపోతున్నాను."

"ఎన్నాళ్లకు?"

"ఊరికే చూసి రావడానికి కాదు. నువ్వు మంచివాడివే ఎల్డన్. తాగి రాలేదు, చెయ్యెత్తలేదు. కానీ ఈ ఇంట్లో నాతో ఉంటున్నది ఎవరో నాకు తెలియట్లేదు."

"నేనే ఉన్నాను కదా," అన్నాడు. ఆ మూడు మాటల్లోనే గొంతు దానంతటది కిందికి దిగి గుండ్రంగా అయింది. ఇనెజ్ నొచ్చుకుంటూ నవ్వింది.

"చూశావా," అంది.

ఆమె వెళ్లాక మిరప మొక్కలు ఒక చలికాలం చూసి ఎండిపోయాయి. డబ్బాలు తీసి పారేయడానికి అతనికి చెయ్యి రాలేదు. మిసెస్ క్విగ్లీయే తీసేసింది.

అతను పొద్దున్నే లేచి, వంటగదిలో కూర్చుని, మొక్కజొన్న అటుకుల డబ్బా మీద రాసింది పైకి చదివేవాడు. గుడారంలో కుర్రవాడిగా ఉన్నప్పటి గొంతు, అంతకు ముందు నాన్న మంగలి షాపులో తల వెంట్రుకలు ఊడుస్తూ మాట్లాడిన గొంతు ఎలా ఉండేదో పట్టుకుందామని చూసేవాడు. డబ్బా మీద ఏముంటే అది కూడా ఎవరికో నయం కాదని చెప్తున్నట్టే వినపడేది. కొన్నాళ్లకు చదవడం మానేశాడు. ఇంట్లో మాట అవసరం లేదు కనుక మాట్లాడటమే తగ్గిపోయింది. సాయంత్రం ట్రాము దిగి మూల మీది హోటల్లో కౌంటరు ముందు కూర్చుని, కోడి వేపుడో మాంసం ముద్దో తిని, ఆపిల్ పళ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టె ముక్క ఒకటి తిని ఇంటికి వచ్చేవాడు. ఆదివారాలు కొండ మీది నీళ్ల చెరువు దాకా నడిచి వెళ్లి తిరిగి వచ్చేవాడు. దారిలో కుక్కల్ని తిప్పేవాళ్లు అతన్ని ఎక్కడో చూసినట్టు పలకరించేవాళ్లు.

వాకిట్లో మాత్రం అతనికి విరామం ఉండేది కాదు. మిసెస్ క్విగ్లీ కాలి వేలు వాచినా, మూడో నంబరు ఇంటావిడకు దద్దురు వచ్చినా అతని తలుపే తట్టేవాళ్లు.

"నేను డాక్టర్ని కాదు మిసెస్ క్విగ్లీ. పన్నెండేళ్లుగా చెప్తున్నాను."

"తెలుసయ్యా, నాకు మతి పోలేదు. నువ్వు అద్దె ఇచ్చే నటుడివని నాకు తెలీదా? అయినా ఒకసారి చూడు. నువ్వు చూసి ఫరవాలేదంటే నాకు నిద్ర పడుతుంది."

"ఫరవాలేదు. కానీ రేపు డాక్టరుకి చూపించుకోండి."

"హమ్మయ్య," అని ఆవిడ కుంటుకుంటూ వెళ్లిపోయేది. ఇతను తలుపు మూసుకునేవాడు.

సినిమాలు తగ్గి టెలివిజన్ వచ్చింది. యాభై మూడులో ఒక ఆసుపత్రి కథను వారం వారం చూపించడం మొదలుపెట్టి, ఎల్డన్‌కు పెద్ద డాక్టరు వేషం ఇచ్చారు. అంతవరకు మొహం తెలిసిన వాళ్లకు ఇప్పుడు పేరు కూడా తెలిసింది. ఉత్తరాలు రావడం మొదలైంది. మోకాళ్ల నొప్పులు, పిత్తాశయంలో రాళ్లు, పిల్లలు పుట్టకపోవడం. అన్నిటికీ ఒకే జవాబు రాసేవాడు: అయ్యా, అమ్మా, నేను నటుణ్ణి, మీ ఊరి డాక్టరుగారికి చూపించుకోండి. కంపెనీ వాళ్లు అచ్చు వేయించి ఇస్తామన్నా వద్దని చేత్తో రాసేవాడు. సాయంత్రాలు ఏదో ఒకటి చేయాలి కదా.

యాభై ఆరు వేసవిలో ఒహాయో నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సగం పేజీ ఉంది. అందులో జబ్బు ఏదీ లేదు. రాసినావిడ భర్త చలికాలంలో పోయాడు. 'మా డాక్టరు ఏం చెప్పాడో నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆయన పెదాలు కదలడమే కనిపించింది. అంత్యక్రియలప్పుడు కూడా నేను ఏడవలేదు. పోయిన వారం టెలివిజన్లో మీరు ఒకావిడకు చెప్తుంటే అప్పుడు నాకు వినపడింది. వంటగదిలోకి వెళ్లి ఏడ్చాను. ఈ సంగతి మీకు రాయాలనిపించింది.'

ఆ ఉత్తరానికి ఏం జవాబు రాయాలో ఎల్డన్‌కు తోచలేదు. నాలుగు రోజులు బల్ల మీదే ఉంచాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి అందిన మాట, అందాల్సిన మనిషికి అందలేదు. అయిదో రోజున అతను రాసిన ఉత్తరం ఒహాయోకు కాదు, సొకోరోకు. ఎలా ఉన్నావని అడిగి, తను ఎలా ఉన్నాడో రాసి, ఒకసారి చూడాలని ఉందని ముగించాడు. మూడు వారాలకు కార్డు వచ్చింది. 'సెప్టెంబరు రెండో శనివారం మిరపకాయలు కాలుస్తాం. రావాలంటే రా. ఇనెజ్.'

రైల్లో ఒక రోజంతా ప్రయాణం. సొకోరోలో దిగేసరికి గాలంతా కాలిన మిరపకాయ వాసన. స్టేషనుకు ఇనెజ్ రాలేదు, విడాకుల తర్వాత ఆమె చేసుకున్న భర్త వచ్చాడు. ఫిదెల్ రైలు పట్టాలు బాగుచేసే పనివాడు. ఎత్తుగా, ఎండకు నల్లబడి, టోపీ తీసి మరీ పలకరించాడు.

"మీరేనా డాక్టరు? మీ కార్యక్రమం వస్తే మా ఆవిడ టీవీ కట్టేస్తుంది. నేను పక్కింటికెళ్లి చూస్తాను. ఈ సంగతి ఆవిడకి చెప్పకండి."

"చెప్పను."

"ఆవిడకి తెలుసులెండి. నేనంటే జాలిపడి ఊరుకుంటుంది."

ఇంటి వెనక పొయ్యి మండుతోంది. ఇనెజ్ కొంచెం ఒళ్లు చేసింది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. అతని తల వంక చూసి, "ఇప్పటికి నీ వయసు నీ జుట్టును అందుకుంది," అంది. చేతికి ఒక గిన్నె, ఒక గోనెసంచీ ముక్క ఇచ్చింది. కాల్చిన కాయల తొక్క ఒలవాలి. ఫిదెల్ ఇంకో బస్తా తెస్తానని బండి వేసుకుని వెళ్లాడు. ఆ వంకతో వెళ్లాడని ఇద్దరికీ తెలుసు.

చాలాసేపు ఒలిచారు. ఎల్డన్ వేళ్లు మండుతున్నాయి. రైల్లో వస్తూ అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటి కూడా నోటికి తెచ్చుకోవడానికి భయం వేసింది. చివరికి ఇనెజే మాట్లాడింది.

"వాణ్ణి ఎక్కడ పెట్టావో గుర్తుందా నీకు?"

"తూర్పు వైపు గోడ పక్కన. నంబరు గుర్తులేదు."

"నాలుగు వందల పదిహేడు. నెలకోసారి వెళ్లేదాన్ని. ఆదివారం పొద్దున, నువ్వు నిద్ర లేవకముందే."

అతను చేతిలో కాయ కింద పెట్టాడు.

"నాకు చెప్పలేదే."

"నువ్వు అడగలేదు. ఆదివారాలు ఎక్కడికెళ్లావనైనా అడగలేదు. నీకు పని ఉండేది, పడుకునేవాడివి." ఆమె గొంతులో కోపం లేదు. ఎప్పటిదో వాన సంగతి చెప్తున్నట్టు చెప్తోంది. "పేరు కూడా పెట్టుకున్నాను. అదీ అడగలేదు నువ్వు."

"ఏం పేరు?"

"సిప్రియానో. మా తాత పేరు."

ఎల్డన్ అనబోయాడు. నాలుక తిరగలేదు. సిప్రానో అన్నాడు. ఇనెజ్ తల అడ్డంగా ఊపి, మళ్లీ నిదానంగా చెప్పింది. ఈసారి సిపిరియాన్ అన్నాడు. గుడారంలో వానను దాటి వినపడిన గొంతు, దేశమంతా తెలిసిన గొంతు, నాలుగు అక్షరాల దగ్గర తడబడి, చీలి, సన్నగా అయిపోయింది. మూడోసారి అనబోయి అనలేకపోయాడు. మిరపకాయల చేతులతో కళ్లు తుడుచుకున్నాడు, దాంతో మంట పుట్టి కళ్లు తెరవలేకపోయాడు.

"అయ్యో, ఆ చేతులతోనా," అని ఇనెజ్ లేచి, తడిగుడ్డ తెచ్చి, అతని మొహం పట్టుకుని కళ్లు తుడిచింది. తుడుస్తూ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయి, ఆ గుడ్డనే తన మొహానికి అడ్డం పెట్టుకుంది. పదమూడేళ్ల తర్వాత ఇద్దరూ ఆ పిల్లాడి కోసం ఒకచోట కూర్చుని ఏడ్చారు. ఫిదెల్ బండి చప్పుడు వినపడేసరికి ఇద్దరూ గిన్నెలు దగ్గరికి లాక్కున్నారు.

ఆ రాత్రి రైలుకే ఎల్డన్ తిరిగి వచ్చేశాడు. ఉండమని వాళ్లు అన్నారు. ఉండటానికి అది అతని ఇల్లు కాదు.

తర్వాతి వారమే టెలివిజన్‌లో ఒక తల్లికి కబురు చెప్పే ఘట్టం వచ్చింది. ఎల్డన్ దర్శకుడి దగ్గరికి వెళ్లి, "ఈసారి ఆ కుర్ర డాక్టరు చేత చెప్పించండి, నేను పక్కన నిలబడతాను," అన్నాడు.

దర్శకుడు ముప్ఫై దాటని వాడు, మర్యాదస్తుడు. "మిస్టర్ పర్విస్, జనం కూర్చునేదే మీ నోట వినడానికి. వాడు చెప్తే వాడి మొహం వంక చూస్తారు. మీరు చెప్తే వాళ్ల మొహాలు వాళ్లకి గుర్తొస్తాయి."

ఎల్డన్‌కు ఒహాయో ఉత్తరం గుర్తుకొచ్చింది. వెళ్లి చెప్పాడు. ఎప్పటిలాగే ఒక్కసారికే అయిపోయింది. పని బాగానే వచ్చింది, అందులో లోటేమీ లేదు. కాంట్రాక్టు ముగిసే దాకా, మరో ఏడు నెలలు, అలాగే చేసి, మళ్లీ సంతకం పెట్టమంటే వద్దన్నాడు. ఇంకేదైనా వేషం ఉంటే ఇవ్వండన్నాడు. రెండుసార్లు జడ్జి వేషం ఇచ్చారు. ముద్దాయికి ఉరిశిక్ష వేసినా మందులచీటీ రాసిస్తున్నట్టే ఉందని నవ్వుకుని, మూడోసారి పిలవలేదు.

శ్మశానంలో నాలుగు వందల పదిహేడు దొరకడానికి రెండు గంటలు పట్టింది. రేకు ముక్క గడ్డిలో కూరుకుపోయి ఉంది. కాపలాదారు డ్రాగిచ్ అనే ముసలాయన పార తెచ్చి చుట్టూ చెక్కుతూ, ఓరగా మొహం వంక చూశాడు.

"మీరు టీవీలో వస్తారు కదూ. పెద్ద డాక్టరు."

"వచ్చేవాణ్ణి."

"ఈ బిడ్డకి మీరేనా వైద్యం చేసింది?"

"నేను వాడి తండ్రిని."

డ్రాగిచ్ చెక్కడం ఆపాడు. పార అతని చేతికిచ్చి, తను పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

రాయి మీద చెక్కించడానికి ఇనెజ్ కార్డు మీద పేరు పెద్ద అక్షరాలతో రాసి పంపింది. రాయి చిన్నది. పేరు, దాని కింద ఒకే ఒక్క తారీఖు. ఆ ఏడాది చివర్లో ఇనెజ్, ఫిదెల్ వచ్చి చూసి వెళ్లారు. ముగ్గురూ రాయి ముందు నిలబడ్డారు. ఫిదెల్ టోపీ తీసి, స్పానిష్‌లో ఏదో ప్రార్థన మెల్లగా చదివాడు. ఎల్డన్‌కు ఆ మాటలు తెలియవు. పెదాలు కదపకుండా విన్నాడు. వాళ్లు వెళ్లాక నెల మొదటి ఆదివారం రెండు బస్సులు మారి ఒక్కడే వెళ్లొచ్చేవాడు. అక్కడ ఎవరూ లేనప్పుడు పేరు పైకి అనేవాడు. అప్పటికి బాగానే పలికేది.

పని లేని ఏళ్లు చాలా పొడుగ్గా గడిచాయి. ట్రాములు తీసేశారు. మూల మీది హోటలు పోయి టైర్ల దుకాణం వచ్చింది. అరవై రెండులో, గస్ ట్రిబుల్ స్థానంలో ఉన్న అమ్మాయి ఫోను చేసి ఒక రోజు పని ఉందంది. వీధిలో షూటింగు. దర్శకుడికి అతనెవరో తెలియదు.

"మాటలేమీ లేవు తాతా. ఆ బెంచీ మీద బస్సు కోసం చూస్తున్నట్టు కూర్చోండి చాలు. హీరో మీ ముందు నుంచి పరిగెత్తుకెళ్తాడు. మీరు అతన్ని పట్టించుకోకండి."

"ఏ బస్సు కోసం?"

దర్శకుడు కాగితం మీంచి తలెత్తాడు. "ఏదో ఒకటి. ఎందుకు?"

"తెలిస్తే కూర్చోవడం తేలిక."

"అయితే మీరు రోజూ ఎక్కే బస్సు అనుకోండి."

ఎల్డన్ కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని వీధి చివరి వైపు చూశాడు. హీరో పరిగెత్తాడు. రెండోసారి పరిగెత్తాడు, కాలు జారితే మూడోసారి. ఎల్డన్ మూడుసార్లూ అలాగే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. అందరూ సామాను సర్దుకుని వెళ్లిపోయాక కూడా కాసేపు ఆ బెంచీ మీదే ఉన్నాడు. తర్వాత నిజం బస్సు వస్తే ఎక్కాడు.

ఆ సినిమా వచ్చినప్పుడు మిసెస్ క్విగ్లీ చూసి వచ్చింది. అప్పటికి ఆవిడకు ఎనభై. కర్రతో తలుపు తట్టింది.

"రెండు ఆటలు కూర్చున్నానయ్యా నీ కోసం. మొదటిసారి కనపడనే లేదు. రెండోసారి దొరికావు. ఎవరు చచ్చారా అని చూస్తే ఎవరూ చావలేదు."

"ఎలా ఉన్నాను?"

"ఎలా ఉన్నావంటే..." ఆవిడ ఆలోచించింది. "ఒంటరిగా ఉన్నావు. మా ఆయన పోయాక నేను దుకాణానికి వెళ్లే బస్సు కోసం అలాగే కూర్చునేదాన్ని. నన్ను నువ్వెప్పుడు చూశావో నాకు తెలీదు."

ఎల్డన్ తలుపు పూర్తిగా తెరిచాడు. "లోపలికి రండి. బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి."

"ఉప్పు తక్కువ వెయ్యి," అంటూ ఆవిడ లోపలికి వచ్చి, ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. "నిజం డాక్టరు వద్దన్నాడు."